రన్నింగ్‌లో ఉన్న ఫైబర్ లైన్‌ను నెట్ ఆగకుండా కొత్త కేబుల్ మీదికి మార్చవచ్చా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. గజపతి జిల్లాలో పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా గుణుపురం వైపు మీకు 12 కోర్ల (గాజు పోగుల) కేబుల్ ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ స్తంభాలు పక్కకు జరుపుతున్నారు కాబట్టి ఆ ముక్కంతా కొత్త కేబుల్ మీదికి మార్చాలి. ఇళ్ల కనెక్షన్లతో పాటు రెండు బ్యాంకు శాఖలు, ఒక ఆసుపత్రి, ఒక ఆన్‌లైన్ పరీక్షల సెంటరు కూడా ఆ లైన్ మీదే ఉన్నాయి. రెండు చివర్లా రెండు స్ప్లైసింగ్ మెషిన్లు (ఫైబర్ కొసలను కరిగించి అతికించేవి) పెడితే సర్వీసు అసలు ఆగకుండా మార్చగలమా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఉన్నది ఒకటే దారి అయితే, దాన్ని కోసి అతికించేటప్పుడు సర్వీసు ఆగి తీరుతుంది. మెషిన్లు పెంచితే ఆగే సమయం తగ్గుతుందంతే. పాత దారి నడుస్తుండగానే రెండో దారి పూర్తిగా సిద్ధమై, కొలతలు కూడా అయిపోయి ఉండాలి. అప్పుడు బ్యాంకులు, ఆసుపత్రి లాంటి ముఖ్యమైన లింకులు 50 మిల్లీసెకన్ల లోపు మారిపోతాయి, వాడేవాళ్లకు తెలియదు. ఇళ్ల జీపాన్ లైన్లు (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే రకం) మాత్రం ఎంత జాగ్రత్త పడినా కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా ఆగుతాయి. ఈ రెండింటినీ విడదీసి ప్లాన్ చేసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

నేను రాయగడ, కొరాపుట్ ఘాట్ రోడ్ల మీద ఫైబర్ ట్రాన్స్‌మిషన్ లైన్లు చూసేవాణ్ని, ఇప్పుడు చిన్న ఆపరేటర్లకు కటోవర్ (పాత లైన్ నుంచి కొత్తదానికి మార్చే) పనులు చేసిపెడుతున్నాను. కింద రాసేదంతా ఆ పనిలో చూసినదే.

అసలు సున్నా అంతరాయం ఎందుకు కష్టం

ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక గిగాబిట్ లైన్‌లో ఒక్కో బిట్ గాజులో 20 సెంటీమీటర్ల పొడవు ఆక్రమిస్తుంది. మీ కొత్త కేబుల్ పాతదానికంటే ఒక్క జానెడు అటూ ఇటూ అయినా బిట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. మీ రోడ్డు మలుపుల్లో తేడా జానెడు ఉండదు, వందల మీటర్లు ఉంటుంది. నిజంగా ఒక్క బిట్ కూడా పోకూడదంటే, ఒకే సిగ్నల్‌ను రెండు దారుల్లోనూ పంపి, ఆ పొడవుల తేడాను సర్ది, రెండూ కలిశాక పాతదాన్ని ఆపాలి. జపాన్‌లో ఎన్‌టీటీ పరిశోధకులు ఈ పద్ధతి మీద పనిచేశారు. కొన్ని ఖరీదైన ట్రాన్స్‌మిషన్ పరికరాల్లో కూడా రిసీవర్ దగ్గర బఫర్ (సిగ్నల్‌ను కాసేపు నిలిపి ఉంచేది) పెట్టి ఇలాంటిదే చేస్తారు. మనలాంటి లైన్లకు అది అక్కర్లేదు. 50 మిల్లీసెకన్ల ఖాళీ ఫోన్ కాల్‌లోనూ వినిపించదు, బ్యాంకు సాఫ్ట్‌వేరూ తట్టుకుంటుంది, పరీక్ష రాసే పిల్లవాడి స్క్రీనూ కదలదు. మీరు గురి పెట్టాల్సింది ఆ 50 మిల్లీసెకన్లకే.

బ్యాంకులు, ఆసుపత్రి: వీటిని రింగులోకి తెండి

గుణుపురం చివర మీకు స్విచ్ ఉందన్నారు. ఆ చివర నుంచి రాయగడ వైపు ఇంకో ఆపరేటర్ కేబుల్ ఉంటుంది. అందులో ఒక కోర్ గానీ, కొంత బ్యాండ్‌విడ్త్ గానీ నెల రోజులకు అద్దెకు అడగండి. పర్లాకిమిడి నుంచి ఒక దారి, రాయగడ నుంచి ఒక దారి వచ్చాయంటే రింగు పూర్తయినట్టే, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి సర్వీసు వస్తుంది. ఈథర్నెట్ రింగులకు జీ.8032 అనే ప్రమాణం ఉంది, మామూలుగా ఈఆర్‌పీఎస్ అంటాం. మీ స్విచ్‌లో ఆ ఆప్షన్ ఉంటే వాడండి. పాతకాలపు స్పానింగ్ ట్రీ పద్ధతి మీద వదిలేస్తే దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది, అంతలో బ్యాంకు మేనేజర్ ఫోన్ వచ్చేస్తుంది.

రింగు ఉంది కదా అని నేరుగా కేబుల్ కోయకండి. కోయడానికి ముందే స్విచ్‌లో కమాండ్ ఇచ్చి ట్రాఫిక్ మొత్తాన్ని రెండో వైపుకు మళ్లించాలి. కోత వల్ల మారితే, ఆ కోత సగం తెగి సగం అంటుకున్నట్టు ఉన్నప్పుడు లింకు వస్తూ పోతూ ఆడుతుంది, అప్పుడు రింగు కూడా అటూ ఇటూ ఊగుతుంది. కమాండ్‌తో మళ్లిస్తే ఒకే ఒక్కసారి మారి స్థిరంగా ఉంటుంది, మీరు కింద తీరిగ్గా పని చేసుకోవచ్చు.

మళ్లించే ముందు రెండో వైపు నిజంగా బతికి ఉందో లేదో చూడాలి. ఇది చాలాచోట్ల చూశాను: కాగితం మీద రింగు ఉంటుంది, రెండో చెయ్యి ఎప్పుడో పడిపోయి ఉంటుంది, అలారం వస్తూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఒక కొండ సెక్షన్‌లో పని మొదలుపెట్టే ముందు మేము ఎర్రర్ కౌంటర్లు సున్నా చేసి ఒక రాత్రంతా వదిలాం. తెల్లారేసరికి రెండో వైపు వేలకొద్దీ ఎర్రర్లు ఉన్నాయి. లింకు లైటు మాత్రం పచ్చగానే వెలుగుతోంది. చూస్తే ఒక జాయింట్ బాక్సులోకి నీళ్లు పోయాయి. అది బాగు చేసేదాకా కటోవర్ వాయిదా వేశాం.

ఇంకో చిన్న విషయం చాలామందిని ముంచుతుంది. మధ్యలో మీడియా కన్వర్టర్లు (ఫైబర్ సిగ్నల్‌ను రాగి తీగకు మార్చే డబ్బాలు) ఉంటే ఫైబర్ తెగినా రాగి వైపు లింకు నిలిచే ఉంటుంది. రౌటర్‌కు తెగినట్టు తెలియదు. ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారి ఎంచుకునే పద్ధతి) మామూలు సెట్టింగ్‌తో ఉంటే అది గ్రహించడానికి 40 సెకన్లు పడుతుంది. కొన్ని కన్వర్టర్లకు లింక్ ఫాల్ట్ పాస్ అని చిన్న స్విచ్ ఉంటుంది, ఫైబర్ తెగితే అది రాగి వైపు లింకునూ దింపేస్తుంది, దాన్ని ఆన్ చేయండి. లేదా కన్వర్టర్లు తీసేసి నేరుగా స్విచ్‌లో ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) పెట్టండి. నేనైతే రెండోదే చేస్తాను.

అద్దె కోర్ దొరక్కపోతే ఆసుపత్రికి, బ్యాంకులకు ఆ కొద్ది రోజుల కోసం లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింకు పెట్టవచ్చు. మధ్యలో కొండ అడ్డం లేకపోతే పనైపోతుంది.

సరిహద్దులో ఉన్నందుకు మీకు ఒక మేలు ఉంది. పాతపట్నం వైపు నుంచి ఆంధ్రా ఫీడ్ (నెట్ సరఫరా), బరంపురం లేదా రాయగడ వైపు నుంచి ఒడిశా ఫీడ్, రెండూ తీసుకోవచ్చు. అయితే రెండు కేబుళ్లూ ఒకే స్తంభాల వరుస మీద ఉంటే వాటిని రెండు దారులుగా లెక్కపెట్టకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం, గజపతి రెండు జిల్లాలూ దెబ్బతిన్నాయి. ఒకే గాలికి పడిపోయే చోట ఎన్ని కేబుళ్లు వేసినా అవి కలిసే పోతాయి. మీ రెండు ఫీడ్లు ఏయే రోడ్ల వెంట వస్తున్నాయో మ్యాప్ మీద గీసి చూడండి.

ఇళ్ల కనెక్షన్లు: ఇక్కడే అసలు పని

జీపాన్‌లో వెలుతురు పోయి పదో వంతు సెకను దాటితే సాధారణంగా ఓఎన్‌యూ (ఇంట్లో ఉండే ఫైబర్ పెట్టె) మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ అవ్వాల్సిందే. దానికి కొన్ని సెకన్లు. తర్వాత పీపీపీఓఈ లాగిన్ (కస్టమర్ పేరు, పాస్‌వర్డ్‌తో నెట్‌లోకి రావడం). కొన్ని రకాల ఓఎన్‌యూలు ఎర్ర లైటు రాగానే సెషన్ తెంచేస్తాయి. అలాంటివి వందలు ఒకేసారి తిరిగొస్తే మీ రేడియస్ సర్వర్ (ఆ లాగిన్లను సరిచూసేది) ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కాబట్టి ఓఎల్‌టీ (మీ వైపు నుంచి ఇళ్లకు వెలుతురు పంపే పెట్టె) పోర్టులన్నీ ఒక్కసారిగా మార్చకండి. ఒకటి మార్చి, దాని ఓఎన్‌యూలన్నీ తిరిగొచ్చాయని లెక్క చూసుకుని, తర్వాతది ముట్టుకోండి.

ఇక నా అసలు సలహా. మీ స్ప్లిట్టర్లు (ఒక ఫైబర్ వెలుతురును చాలా ఫైబర్లకు పంచేవి) మామూలు ఒక ఇన్‌పుట్ రకం అయితే, ఈ పనిలోనే వాటిని రెండు ఇన్‌పుట్‌ల రకానికి మార్చేయండి. 1:8 బదులు 2:8, 1:32 బదులు 2:32. వెలుతురు నష్టంలో తేడా సుమారు అర డీబీ (డెసిబెల్). ధరలో తేడా కూడా మీ పని ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ఒక ఇన్‌పుట్‌కు పాత కేబుల్, రెండోదానికి కొత్త కేబుల్ కలపండి. ఇక మార్పంతా మీ కంట్రోల్ రూమ్‌లో జరుగుతుంది: పాత కేబుల్ ప్యాచ్ కార్డ్ (కనెక్టర్లున్న చిన్న ఫైబర్ తీగ) తీసి కొత్తదానిలో గుచ్చడమే. ఎండలో స్తంభం మీద ఎవరూ తొందరపడక్కర్లేదు.

దీనిలో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ఇళ్ల నుంచి పైకి వచ్చే 1310 నానోమీటర్ల వెలుతురు స్ప్లిట్టర్ రెండు ఇన్‌పుట్ కాళ్ల నుంచీ బయటికి వస్తుంది. అంటే సర్వీసు పాత కేబుల్ మీద నడుస్తుండగానే, కొత్త కేబుల్ చివర పవర్ మీటర్ పెట్టి కస్టమర్ల వెలుతురు చూడవచ్చు. మీటర్ మీద అంకె నిలకడగా ఉండదు, ఊగుతుంది, ఎందుకంటే ఓఎన్‌యూలు వంతులవారీగా మెరుస్తాయి. దాన్ని నష్టం లెక్కకు వాడకండి, ఆ లెక్క ముందే లైట్ సోర్స్‌తో తీసిపెట్టుకోవాలి. దారి చివరిదాకా తెరిచి ఉందని, సరైన కోర్ సరైన స్ప్లిట్టర్‌కే వెళ్లిందని తెలియడానికి ఆ ఊగే అంకె చాలు. తప్పు కోర్ మీద ప్యాచ్ మార్చి రెండు ఊళ్లను తారుమారు చేసే ప్రమాదం అక్కడే పోతుంది.

రెండు ఇన్‌పుట్‌లకూ ఒకేసారి ఓఎల్‌టీ వెలుతురు పంపకండి. కిందికి వచ్చే 1490 నానోమీటర్ల సిగ్నల్ రెండు వేర్వేరు దూరాల నుంచి వచ్చి కలిస్తే ఓఎన్‌యూలకు ఏదీ అర్థం కాదు, ఆ స్ప్లిట్టర్ కింద అందరూ పడిపోతారు. ఒకటి గుచ్చి ఉంటే రెండోది తీసి, మూత పెట్టి ఉండాలి.

రెండు ఇన్‌పుట్‌ల స్ప్లిట్టర్ అమర్చడానికే ఒకసారి ఆపాలి కదా అంటారా? నిజమే. ఆ పని ముందుగానే, ఒక్కో స్ప్లిట్టర్‌కు విడివిడిగా, ఆ వీధి వాళ్లకు చెప్పి చేయండి. అది కూడా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. కొత్త కేబుల్ మీద కొత్త స్ప్లిట్టర్ పెట్టి, ఓఎల్‌టీలో ఖాళీ పోర్టు ఇచ్చి, ఇంటి డ్రాప్‌లు (స్తంభం నుంచి ఇంటికి వెళ్లే తీగలు) ఒక్కొక్కటిగా అటు మార్చడం. ఒక్కో ఇంటికి ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. దీనికి ఓఎన్‌యూ సీరియల్ నంబర్లు, వీలాన్, ప్రొఫైల్ లాంటి సెట్టింగ్‌లు అన్నీ కొత్త పోర్టులో ముందే ఎక్కించి ఉండాలి. లేకపోతే వెలుతురు ఉంటుంది, నెట్ ఉండదు, స్తంభం మీద ఉన్న కుర్రాడు కనెక్టర్ తుడుస్తూనే ఉంటాడు.

లెక్క ఒకసారి కాగితం మీద వేయండి. బీ ప్లస్ రకం ఓఎల్‌టీ, ఓఎన్‌యూల మధ్య 28 డీబీల నష్టం దాకా తట్టుకుంటుంది, ఓఎన్‌యూ దగ్గర -27 డీబీఎం (వెలుతురు బలం కొలత, మైనస్ పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ) హద్దు. ఉదాహరణకు ఓఎల్‌టీ +3 ఇస్తోంది, 12 కిలోమీటర్లకు 3 డీబీ పోయింది, రెండు 1:8 స్ప్లిట్టర్లకు 21 పోయాయి, జాయింట్లు, కనెక్టర్లకు ఒకటిన్నర. మిగిలింది -22.5. ఒక స్ప్లిట్టర్‌ను 2:8 చేస్తే -23 దగ్గర ఉంటారు. సరిపోతుంది. నేను -25 కంటే కిందికి పోనివ్వను, వానల్లో ఎక్కడో ఒకచోట డీబీ తినేస్తుంది.

కొత్త కేబుల్ పరీక్ష

రెండు చివర్ల నుంచీ, 1310, 1550 నానోమీటర్లు రెండింటిలోనూ ఓటీడీఆర్ (ఫైబర్‌లో ఎక్కడ ఎంత నష్టముందో చూపే పరికరం) కొలతలు తీయండి. జాయింట్ నష్టం ఒక వైపు నుంచి మాత్రమే చూస్తే మోసపోతాం, రెండు వైపులా తీసి సగటు చూడాలి. ఒక జాయింట్ దగ్గర 1550లో నష్టం 1310 కంటే స్పష్టంగా ఎక్కువ కనిపిస్తే అది స్ప్లైస్ తప్పు కాదు, ట్రేలో ఫైబర్ నొక్కుకుని వంగిందని అర్థం. బాక్సు తెరిచి చుట్టు సరిచేస్తే పోతుంది. బ్లూ, ఆరెంజ్, గ్రీన్ అని మనవాళ్లు రంగులు గడగడా చెప్పేస్తారు గానీ, చవక కేబుళ్లలో రంగుల వరుస మారుతుంటుంది. పాత కేబుల్‌లో బ్లూ కాబట్టి కొత్తదానిలోనూ బ్లూ అనుకోకుండా, ప్రతి కోర్‌నూ రెండు చివర్లా ఎర్ర లేజర్ పెన్‌తో నిర్ధారించుకోండి. ఆ ఎర్ర వెలుతురు కొద్ది కిలోమీటర్లే పోతుంది, దూరం ఎక్కువైతే లైట్ సోర్స్, పవర్ మీటర్ వాడాలి.

కొత్త కేబుల్ మరీ బాగుండటం కూడా చిక్కు తెస్తుంది. మీ పాత కేబుల్ అతుకుల బొంత అయి ఉంటుంది, ఏళ్లుగా తెగిన చోటల్లా జాయింట్లు. దాని నష్టానికి తగ్గట్టు ఎప్పుడో 80 కిలోమీటర్ల మాడ్యూల్ పెట్టి ఉంటారు. కొత్త కేబుల్ మీదికి రాగానే వెలుతురు ఒక్కసారి పెరిగి రిసీవర్ పరిధి దాటిపోతుంది. 10 గిగాబిట్ 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు సాధారణంగా -7 డీబీఎం పైన తట్టుకోలేవు. జేబులో 5, 10 డీబీ అటెన్యుయేటర్లు (వెలుతురును తగ్గించేవి) పెట్టుకుని వెళ్లండి.

కనెక్టర్లలో పచ్చవి, నీలివి కలపకండి. పచ్చదాని ముఖం 8 డిగ్రీల వాలులో ఉంటుంది, నీలిదానితో అంటుకోదు. గుచ్చే ముందు ప్రతిసారీ తుడవాలి. కేబుల్ టీవీ కూడా 1550 మీద అదే లైన్‌లో పంపుతుంటే, ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ఆ వెలుతురు కంటికి కనిపించదు, కన్ను మాత్రం పోగొడుతుంది. ఏ కోర్ చివరనూ కంటి ముందు పెట్టి చూడవద్దని కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి.

మధ్యలో కోసి అతికించక తప్పని కోర్లు

కొన్నిచోట్ల ప్యాచ్ ఉండదు, జాయింట్ బాక్సులోనే మార్చాలి. మీ రెండు మెషిన్లు పనికొచ్చేది ఇక్కడే. కొత్త కేబుల్ కొసలు ముందే వలిచి, స్లీవ్ (అతుకును కాపాడే గొట్టం) తొడిగి, క్లీవ్ (కొసను నున్నగా కోయడం) మాత్రం మిగిల్చి ఉంచాలి. పాత కోర్‌ను రెండు చివర్లా ఒకే సమయంలో కోసి అతికిస్తే, చెయ్యి తిరిగిన మనుషులకు ఒక్కో కోర్ కొద్ది నిమిషాల పని. కోయబోయే కోర్ మీద లైవ్ ఫైబర్ ఐడెంటిఫయర్ పెట్టి ట్రాఫిక్ ఉందో లేదో చూడండి, రిజిస్టర్‌లో రాసినదాన్ని మాత్రమే నమ్మకండి. ముందు డార్క్ (వాడకంలో లేని) కోర్లు, తర్వాత తక్కువ మంది ఉన్నవి, చివర బరువైనవి. మొదటి కోర్ మీద ఏదైనా లోపం బయటపడితే దాని దెబ్బ చిన్నదిగా ఉంటుంది.

రెండు టీములు ఫోన్‌లో మాట్లాడుకోవాలి కదా. కొండ ప్రాంతంలో మీ కేబుల్ మీదే ఆ చుట్టుపక్కల మొబైల్ టవర్ ఆధారపడి ఉండవచ్చు. కోర్ కోయగానే టవర్ పోతుంది, రెండు టీముల ఫోన్లూ పోతాయి. మేము పొట్టంగి ఘాట్‌లో చేసినప్పుడు టవర్ కోర్ ఏదో ముందే గుర్తించి, గడియారం ప్రకారం ప్లాన్ రాసి రెండు టీములకూ కాగితం ఇచ్చాం: ఫలానా నిమిషానికి కోత, ఫలానా నిమిషానికి అతుకు పూర్తి, ఇంతసేపట్లో కబురు అందకపోతే పాత కోర్‌నే తిరిగి కలిపేయాలి. ఫోన్ పోయింది, పని మాత్రం కాగితం ప్రకారం నడిచింది.

సమయం

పుస్తకాలన్నీ అర్ధరాత్రి 2 నుంచి 4 అంటాయి. కంట్రోల్ రూమ్‌లో ప్యాచ్ మార్చడానికి అది మంచి వేళ. రోడ్డు మీద జాయింట్ పనికి మాత్రం, అందులోనూ ఏనుగులు తిరిగే మీ వైపు కొండదారుల్లో, నేను ఒప్పుకోను. తెల్లవారుజామున వెలుతురు రాగానే మొదలుపెట్టి, బ్యాంకులు తెరిచేలోగా ముగించండి. సంత రోజు, పింఛన్లు ఇచ్చే రోజు, పరీక్ష ఉన్న రోజు వద్దు. కస్టమర్లకు మెసేజ్ తెలుగులోనూ ఒడియాలోనూ పంపండి. ఏ వీధికి ఏ సమయంలో ఎంతసేపు ఆగుతుందో అందులో రాయండి. ముందు చెప్పిన ఐదు నిమిషాలకు ఎవరూ కోప్పడరు, చెప్పకుండా పోయిన ఒక్క నిమిషానికి ఆఫీసు ముందుకు వస్తారు.

పాత కేబుల్

మార్పు అయిన రోజే పాతదాన్ని దింపేయకండి. రోడ్డు కాంట్రాక్టర్ తొందరపెడతాడు, అయినా కనీసం ఒక మంచి వాన పడేదాకా, వీలైన స్తంభాల మీద ఉంచండి. కొత్త జాయింట్ బాక్సుల్లో నీరు దిగుతుందా లేదా అన్నది మొదటి వానలోనే బయటపడుతుంది, అప్పుడు వెనక్కి వెళ్లడానికి ఒక దారి ఉండాలి. కొత్త కేబుల్‌కు ప్రతి కొన్ని స్తంభాలకూ ఒక లూప్ (అదనపు కేబుల్ చుట్ట) వదలండి. మీ వైపు ఎండాకాలంలో జీడితోటల్లో ఆకులు కాలుస్తారు, కొండల మీద పోడు మంటలు పెడతారు. కేబుల్ కిందికి వేలాడితే తొడుగు కరిగి ఒకే చోట అన్ని కోర్లూ పోతాయి. అక్కడ లూప్ లేకపోతే ఒక జాయింట్‌తో అయ్యే పనికి రెండు జాయింట్లు పెట్టాల్సి వస్తుంది. భూమిలో వేసే ముక్క ఉంటే దాని దారిని కేంద్ర టెలికాం శాఖ 2023లో తెచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్‌లో నమోదు చేయించండి. తవ్వేవాడు అందులో అడిగినప్పుడు మీకు కబురు వస్తుంది.

ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నాకు మూడు వివరాలు కావాలి: 12లో ఏయే కోర్లు వాడుతున్నారు, స్ప్లిట్టర్లు ఎన్ని అంచెల్లో ఉన్నాయి, గుణుపురం స్విచ్‌లో ఈఆర్‌పీఎస్ ఉందా లేదా. అవి రాస్తే ఏ కోర్ ముందు, ఏది వెనక అన్న వరుస వేసి పెడతాను.